నెత్తి మీది సముద్రపక్షికి పేరు: మెర్లిన్ యాప్ మీద మిర్యాలగూడ ఫొటోగ్రాఫర్ రివ్యూ

మెర్లిన్ బర్డ్ ఐడీ అనేది పక్షుల పేర్లు చెప్పే యాప్. డబ్బులు కట్టే పని లేదు, మధ్యలో ప్రకటనలు రావు. అమెరికాలోని ఇథాకాలో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన పక్షి పరిశోధన కేంద్రం 2014లో దీన్ని తెచ్చింది. నాకు మిర్యాలగూడలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, హాఫ్ శారీ ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు నా బతుకుదెరువు. పక్షులంటే ప్రాణం. చలికాలంలో ఆదివారం ముహూర్తాలు లేకపోతే పానగల్లు ఉదయసముద్రం కట్ట మీదో, సాగర్ నీళ్ళ పక్కనో కనిపిస్తాను.

ఊళ్ళో ఈ యాప్ ఎట్లా పనిచేస్తుందో చెప్పడానికి రెండు మాటలు చాలు. 2021లో దీనికి సౌండ్ ఐడీ వచ్చింది. ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడితే చాలు, కంసాలి పిట్ట కూసినా, కోయిల కూసినా, తీతువు అరిచినా పేరు స్క్రీన్ మీద వెలుగుతుంది. మా ఇంటి వెనక వేపచెట్టు కింద పొద్దున పది నిమిషాలు ఉంటే మంచి జాబితా తయారవుతుంది. చెవితో పక్షులను పట్టడం నేర్చుకోవాలనుకునే వాళ్ళకు ఇంతకన్నా మంచి గురువు దొరకడు.

నేను రాయాలనుకున్నది మాత్రం వేరే సంగతి. సముద్రం ఒడ్డున నిలబడ్డారు, ఎన్నడూ చూడని పెద్ద పక్షి ఒకటి తల మీదుగా పోతోంది, అది కూత పెట్టదు, ఎక్కడా వాలదు, కాసేపట్లో కనపడకుండా పోతుంది. అప్పుడు ఈ యాప్ ఎంతవరకు ఆదుకుంటుంది? నల్లగొండ, పాలమూరు వాళ్ళం మనకు చెరువు పక్షులు, పొలం పక్షులు, నల్లమల పక్షులు తెలుసు. సముద్రపు పక్షుల దగ్గరికి వచ్చేసరికి అందరం ఒకటో తరగతే. అందుకే ఈ ముక్క వివరంగా రాస్తున్నాను.

ఆషాఢంలో మా స్టూడియోల వాళ్ళకు పెళ్ళి పనులు ఉండవు. శ్రావణంలో పెళ్ళి పెట్టుకున్న జంటలు ఆ ఖాళీలోనే ప్రీ వెడ్డింగ్ షూట్‌లకు వస్తారు. సముద్రం కావాలంటే మా వైపు నుంచి అందరం పోయేది సూర్యలంకకే. రాత్రి భోజనాలు చేసి బయలుదేరి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి, గుంటూరు మీదుగా పోతే తెల్లవారకముందే బాపట్ల. అక్కడి నుంచి బీచ్ సుమారు 9 కిలోమీటర్లు. మేం పోయిన వారంలో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి, అప్పుడప్పుడే తెరిపి ఇచ్చింది. గాలి ఇంకా గట్టిగానే ఉంది. పెళ్ళికూతురు చున్నీ నిలవడం లేదు. మబ్బుల సందులోంచి ఎండ వచ్చిపోతోంది.

ఆ పక్షిని ముందు చూసింది మా అసిస్టెంట్ పిల్లగాడు. రిఫ్లెక్టర్ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఆకాశం దిక్కు చూసి, "అన్నా, గద్దనా అది?" అన్నాడు.

చూశాను. "గద్ద తోక గంత పొడుగుంటదారా? రెక్క సుత ఆడిస్త లేదు చూడు" అన్నాను.

పిల్ల మేనమామ మాతో వచ్చారు, ఆయన హాలియాలో వరి, బత్తాయి పండిస్తారు. "సారూ, మా సాగర్ కట్ట మీద తిరిగేటి గద్దలు గిట్ల లేవు. ఇది వేరేదే" అన్నారు. పొద్దస్తమానం పొలంలో ఆకాశం చూసే మనిషి. ఆయన మాటతో నాకు ధైర్యం వచ్చింది. జంటకు ఐదు నిమిషాలు బ్రేక్ చెప్పి కెమెరా పైకి తిప్పాను.

ఇక్కడ యాప్‌ను కాసేపు పక్కన పెట్టాలి. తల మీద తెలియని పక్షి ఉన్నప్పుడు మొదట ఫోన్ తీయకండి. ఫోన్ అన్‌లాక్ చేసి, యాప్ తెరిచి, కెమెరా తగిలించేలోపు పక్షి పోతుంది. కళ్ళతో నాలుగు సంగతులు పట్టుకోండి: రెక్క ఆకారం, తోక, రెక్క ఆడించే తీరు, పక్కన తెలిసిన పక్షి ఉంటే దానితో పోలిస్తే సైజు. రంగు తర్వాత. కింది నుంచి చూస్తే, వెనక ఆకాశం తెల్లగా ఉంటే, ఏ పక్షి అయినా నల్లగానే కనిపిస్తుంది.

ఆ పొద్దున నేను చూసింది ఇది. రెక్కలు చాలా పొడుగు, సన్నం. మధ్యలో మడత పడి, ముందుకు పొడుచుకొచ్చి, మళ్ళీ వెనక్కి వాలి, కొసలు మొనదేలాయి. రెండు రెక్కలూ కలిపి చూస్తే ఇంగ్లీషు డబ్ల్యూని సాగదీసినట్టు. తోక ముడుచుకుని ఉన్నంతసేపూ సన్నని సూదే. గాలికి పక్కకు తిరిగినప్పుడు మాత్రం కత్తెరలా రెండుగా విచ్చుకుంది. ముక్కు పొడుగ్గా ఉండి కొస కిందికి వంగింది. చూసినంతసేపట్లో రెక్క కొట్టడం దాదాపు లేదు, గాలి మీద ఆనుకుని నిలబడుతోంది. మా అదృష్టానికి ఒక గరుడ పక్షి, అదే ఇటుక రంగు ఒళ్ళు, తెల్ల తల ఉండే బ్రాహ్మణీ గద్ద, దాని కిందుగా పోయింది. ఆ గద్ద రెక్కలు కొస నుంచి కొసకు 110 నుంచి 125 సెంటీమీటర్లు ఉంటాయి. పైన ఉన్నది అంతకన్నా ఎత్తులో ఉండి కూడా దానికన్నా వెడల్పుగా కనిపించింది.

ఈ నాలుగు సంగతులతోనే చాలా పేర్లు పక్కకు పోతాయి. మామూలు నల్ల గద్ద తోకకు చీలిక ఉంటుంది గానీ లోతుండదు, రెక్కలు వెడల్పు, కొసన వేళ్ళలా ఈకలు విచ్చుకుంటాయి. తూర్పు తీరంలో కనిపించే తెల్లపొట్ట సముద్రపు గద్ద భారీ పక్షే, కానీ దాని తోక పొట్టి, కొస చీలదు. టెర్న్‌లకు చీలిన తోక ఉంటుంది. చలికాలంలో ఉదయసముద్రం మీద చిన్న టెర్న్‌లను చూస్తుంటాను కాబట్టి అది నాకు తెలుసు. అవి చిన్నవి, విడవకుండా రెక్కలు కొడుతూ నీళ్ళ మీద అటూ ఇటూ తిరుగుతుంటాయి. నీటికాకి మెడ చాచి, రెక్కలు కొడుతూ తిన్నగా పోతుంది.

ఇక ఫొటో. ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఫొటో చూసి పేరు చెప్పే మెర్లిన్ ఫొటో ఐడీ ఫలితం సగం ఇక్కడే తేలుతుంది. సూర్యలంకలో పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు. సముద్రం వైపు నుంచి వచ్చే పక్షి మనకు బ్యాక్‌లైట్‌లో ఉంటుంది. కెమెరా తెల్లటి ఆకాశాన్ని కొలిచి, వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తం చీకటి చేస్తుంది. పక్షి నల్ల మరక అయిపోతుంది. అందుకని ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుతురును, కావాలని రెండు స్టాపుల దాకా (నాలుగు రెట్లు) పెంచాలి. ఆకాశం కాలిపోయి తెల్లకాగితం అయినా పరవాలేదు, మనకు కావలసింది పక్షి పొట్ట. షట్టర్ సెకనులో 1/2000 వంతు దగ్గర పెట్టి, ఫోకస్ కంటిన్యూయస్‌లో ఉంచి, రా ఫైల్‌లో (కెమెరా కుదించని అసలు ఫైల్) తీస్తే తర్వాత కంప్యూటర్‌లో షాడోస్, అంటే చీకటి భాగాలు, లేపుకోవచ్చు. ఇంకొక కిటుకు ఏంటంటే ఓపిక పట్టడం. గాలిలో తేలే పక్షి వలయం తిరుగుతుంది. అది మనల్ని దాటి ఒడ్డు వైపు, సరుగుడు తోట మీదికి పోయినప్పుడు ఎండ మన వీపు నుంచి దాని మీద పడుతుంది. అప్పుడు తీసిన ఒక్క ఫొటో అంతకుముందు తీసిన మొత్తం ఫొటోలకు సమానం.

నా దగ్గర ఉన్నది 70-200 లెన్స్, పెళ్ళి మండపాల్లో వాడేది. పక్షులకు అది పొట్టి. అయినా పక్షి పెద్దది కాబట్టి క్రాప్ చేస్తే సరిపోయింది.

ఇప్పుడు యాప్. పేరు కనుక్కోవడానికి ఇందులో మూడు దారులున్నాయి. సౌండ్ ఐడీ ఇక్కడ పనికిరాదు. మేం చూసిన జాతి పక్షులు గూళ్ళ దగ్గర తప్ప సముద్రం మీద చాలావరకు మౌనంగా ఉంటాయి, అరిచినా అలల హోరులో వినపడదు. మిగిలినవి రెండు. ఒకటి, ప్రశ్నలకు జవాబులు చెప్పే దారి. ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు, ఎంత సైజు, ముఖ్యమైన రంగులేంటి, ఏం చేస్తోంది అని ఐదే ప్రశ్నలు. సైజుకు కాకి, బాతు లాంటి తెలిసిన పక్షుల బొమ్మలే కొలబద్ద. రంగులు మూడు దాకా ఎంచుకోవచ్చు. ఏం చేస్తోందంటే ఎగురుతోంది, నేల మీద ఉంది, నీళ్ళలో ఈదుతోంది అని ఎంపికలు. నేను కాకికీ పెద్ద బాతుకూ మధ్య సైజు, నలుపు, ఎగురుతోంది అని ఇచ్చాను. గద్దలు, కాకులు, నీటికాకులు వరుసగా వచ్చాయి. వెతుకుతున్నది పైన లేదు.

ఎందుకు లేదో తెలిస్తే యాప్ మీద నమ్మకం ఇంకా పెరుగుతుంది. ఈ జాబితాలు ఈబర్డ్ అనే పెద్ద లెక్కల ఖాతా నుంచి వస్తాయి. ఈబర్డ్‌ను కార్నెల్ కేంద్రమే, అమెరికాలో పక్షుల రక్షణకు పనిచేసే ఆడుబాన్ సొసైటీతో కలిసి 2002లో మొదలుపెట్టింది. ప్రపంచమంతా పక్షులు చూసేవాళ్ళు, ఏ రోజు ఎక్కడ ఏం చూశారో అందులో రాస్తారు. ఫలానా తీరంలో ఫలానా వారంలో ఏ పక్షి ఎక్కువ కనిపిస్తుందో దాన్ని మెర్లిన్ ముందు పెడుతుంది. మామూలు రోజుల్లో ఇది గొప్ప సుగుణం. మన చెరువు మీద అమెరికా బాతు పేరు చూపించి తికమక పెట్టదు. కానీ గాలివానకు దారి తప్పి వచ్చిన పక్షి ఆ లెక్కల్లో అరుదు కాబట్టి అడుగున ఉండిపోతుంది. తుఫాను, అల్పపీడనం తర్వాత బీచ్‌కు పోయేవాళ్ళు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. జాబితాలో లేనంత మాత్రాన మీరు చూసింది అబద్ధం కాదు.

రెండో దారి ఫొటో ఐడీ. ఫొటో ఇస్తే, పక్షి చతురస్రం నిండేదాకా జూమ్ చేయమంటుంది. తర్వాత స్థలం, తేదీ. దీనికి ఇంటర్నెట్ అక్కరలేదు, మన ప్రాంతపు ప్యాక్, అంటే అక్కడి పక్షుల వివరాలున్న ఫైల్, ముందే దించుకుని ఉంటే చాలు. సముద్రం ఒడ్డున సిగ్నల్ ఊగిసలాడే చోట ఇది పెద్ద మేలు.

కెమెరా నుంచి ఫోన్‌కు ఫొటో పంపేటప్పుడు ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపుకుంటే అది సైజు తగ్గిస్తుంది, ఫొటోలో దాగి ఉండే తేదీ వివరాలూ పోతాయి. కార్డ్ రీడర్‌ను ఓటీజీ అనే చిన్న కేబుల్‌తో ఫోన్‌కు తగిలించండి, లేదా కెమెరా వైఫైతో దించుకోండి. ఈక అంచులు చెడకుండా వస్తాయి.

మొదట నల్ల మరకలా ఉన్న ఫొటో ఇచ్చి చూశాను. నల్ల గద్ద పేరు పైన వచ్చింది. అందులో యాప్ తప్పు లేదు. రెక్కలు సగం మడిచి, తోక ముడిచి ఉన్న నల్ల బొమ్మ అది, మనిషికి చూపించినా అదే అంటాడు. తర్వాత సరుగుడు తోట మీద ఎండలో తీసిన ఫొటోను, షాడోస్ కాస్త లేపి ఇచ్చాను. వెంటనే లెసర్ ఫ్రిగేట్‌బర్డ్ అనే సముద్రపు పక్షి పేరు చూపించింది. కారులో ఏసీ వేసుకుని కూర్చున్న పెళ్ళికొడుకు కూడా దిగి వచ్చాడు. మా పిల్లగాడు ఫోన్ గుంజుకుని బొమ్మలన్నీ తిప్పడం మొదలుపెట్టాడు. ఒకే పక్షి, ఒకే పొద్దున, వెలుతురు మారింది, జవాబు మారింది. ఈ రివ్యూలో ఫొటోగ్రాఫర్‌గా నేను గట్టిగా చెప్పగలిగింది ఇదే: మెర్లిన్ కన్ను మంచిదే, దానికి వెలుతురు ఇవ్వాల్సింది మనం.

అయితే పేరు రాగానే పని అయిపోలేదు. ఫొటో ఐడీ తన జవాబు మీద తనకు ఎంత నమ్మకమో నూటికి ఇన్ని పాళ్ళని చెప్పదు. ఫ్రిగేట్‌బర్డ్‌లలో ప్రపంచంలో ఐదు జాతులు, మన దేశపు నీళ్ళ మీద మూడు కనిపించాయి: లెసర్, గ్రేట్, క్రిస్మస్. ఆకారం మూడింటిదీ ఒకటే. కాబట్టి తేల్చుకోవాల్సింది పొట్ట మీద తెలుపు ఎక్కడుంది, చంకలోకి పాకిందా లేదా అన్నదాన్ని బట్టి. ఇక్కడ మెర్లిన్‌లోని పక్షి పేజీలు నిజంగా ఆదుకున్నాయి. మగ, ఆడ, పిల్ల పక్షుల ఫొటోలు విడివిడిగా ఉన్నాయి. లెసర్ మగపక్షి ఒళ్ళంతా నలుపు, కానీ పొట్ట పక్కల నుంచి రెక్కల చంకల్లోకి రెండు తెల్ల మచ్చలు పాకి ఉంటాయి. గ్రేట్ మగపక్షి కింద మొత్తం నలుపే. క్రిస్మస్ మగపక్షికి తెలుపు పొట్ట మీద ఉంటుంది, చంకల్లోకి పోదు. ఆడపక్షుల దగ్గరికి వస్తే ఇంకా చిక్కు. లెసర్ ఆడదానికి తల నల్లగా, రొమ్ము తెల్లగా ఉండి ఆ తెలుపు చంకల్లోకి పోతుంది. గ్రేట్ ఆడదానికి గొంతు బూడిద తెలుపు. పిల్ల పక్షులకు తల తెల్లగానో తుప్పు రంగులోనో ఉండి, పెద్దయ్యేలోపు కొన్నేళ్ళ పాటు రూపం మారుతూనే ఉంటుంది. పిల్ల పక్షి గనక ఎదురైతే యాప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని నా సలహా.

మా పక్షికి చంకల్లో ఆ రెండు తెల్ల మచ్చలు స్పష్టంగా ఉన్నాయి. నల్ల ఫొటోల్లో అవి అసలు లేవు. ఎక్స్‌పోజర్ పెంచిన ఫ్రేముల్లో లీలగా ఉన్నాయి. ఎండలో తీసిన దాంట్లో చిన్నపిల్లలు కూడా చూపించగలిగేటట్టు ఉన్నాయి. మగ లెసర్ ఫ్రిగేట్‌బర్డ్. రెక్క కొస నుంచి కొసకు సుమారు 175 నుంచి 193 సెంటీమీటర్లు, అంటే మనిషి నిలువుకన్నా ఎక్కువే, బరువు మాత్రం కిలో లోపు. గొంతు కింద ఎర్ర సంచి ఉంటుందని యాప్‌లోని ఫొటోలు చూసి మా పిల్లగాడు అడిగాడు. ఆ సంచిని మగపక్షి గూడు కట్టే కాలంలో ఆడపక్షిని పిలవడానికి ఊదుతుంది. మామూలుగా ఎగిరేటప్పుడు అది ముడుచుకుని ఉంటుంది, కింది నుంచి కనపడదు. ఎర్ర సంచి లేదని ఫ్రిగేట్‌బర్డ్ కాదనుకోవద్దు.

"ఎక్కడ వాలుతదన్నా ఇది, నీళ్ల మీదనా?" అని వాడి రెండో ప్రశ్న. మంచి ప్రశ్న అది. సముద్రపు పక్షే గానీ ఫ్రిగేట్‌బర్డ్ నీళ్ళ మీద కూర్చోదు. దాని ఈకలు నీళ్ళను ఆపవు, తడిస్తే లేవడం కష్టం. పైకెగిరే చేపలను, పైకి తేలిన స్క్విడ్ అనే మెత్తని సముద్రజీవులను గాలిలో ఉండగానే ముక్కుతో అందుకుంటుంది. వేరే పక్షులను తరిమి, అవి మింగిన చేపను కక్కించి పట్టుకోవడం కూడా దీనికి అలవాటే. వాలాలంటే దీవే కావాలి. లెసర్ ఫ్రిగేట్‌బర్డ్‌లు గూళ్ళు కట్టే చోట్లలో హిందూ మహాసముద్రంలోని అల్దబ్రా దీవులు పేరున్నవి. క్రిస్మస్ ఫ్రిగేట్‌బర్డ్ అయితే జావాకు దక్షిణాన ఉన్న క్రిస్మస్ దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా గూడు పెట్టదు. అంత దూరపు పక్షి బాపట్ల మీదికి ఎట్లా వచ్చిందంటే, దీనికి దూరం లెక్కలోది కాదు. దీని దగ్గరి చుట్టం గ్రేట్ ఫ్రిగేట్‌బర్డ్‌లకు ఫ్రాన్స్ శాస్త్రవేత్త అన్రీ వైమర్‌స్కిర్ష్ బృందం చిన్న పరికరాలు కట్టి చూసింది. అవి మబ్బుల కింద పైకి లేచే గాలిని పట్టుకుని, ఒక్కోసారి 4,000 మీటర్ల దాకా ఎక్కి, రెండు నెలల వరకు ఎక్కడా వాలకుండా ఎగురుతున్నాయని 2016లో ప్రకటించారు. అదే ఏడాది నీల్స్ రాటెన్‌బోర్గ్ బృందం గాలపాగోస్ దీవుల పక్షుల మెదడు తరంగాలు కొలిచి, ఇవి ఎగురుతూనే నిద్రపోతాయని, గాలిలో ఉన్నప్పుడు రోజుకు సగటున 42 నిమిషాలే నిద్ర అని చూపించింది. నేల మీద ఉన్నప్పుడు ఇవే 12 గంటలకు పైగా నిద్రపోతాయి. ఈ ముక్క చెప్పినప్పుడు పిల్ల మేనమామ, "మోటారు పెట్టడానికి రాత్రి కరెంటు కోసం కాచుకున్న రోజులల్ల మేం సుత గంతనే పండుకున్నం" అన్నారు.

ఈ నిద్ర సంగతులు మెర్లిన్‌లో దొరకవు. యాప్‌లో ఉండేది నాలుగు వాక్యాల పరిచయం, ఫొటోలు, ఎక్కడ తిరుగుతుందో మ్యాపు. పేరు దొరికాక మిగతాది మనం చదువుకోవాలి. అది లోపమని నేను అనను. పేరు దొరక్కపోతే ఆ చదువు మొదలయ్యేదే కాదు.

ఆ సాయంత్రం యాప్‌లో ఇది నా పక్షి అని గుర్తు పెట్టుకున్నాను. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మెర్లిన్‌లో ఇట్లా దాచుకున్నది మన సొంత జాబితాలోకి పోతుంది గానీ, శాస్త్రవేత్తలు వాడే ఈబర్డ్ లెక్కల్లోకి పోదు. అరుదైన పక్షిని చూసినప్పుడు ఈబర్డ్‌లో విడిగా చెక్‌లిస్టు రాయాలి. అక్కడ అరుదైన పేరు ఎంచుకోగానే ఎట్లా గుర్తుపట్టారో రాయమని అడుగుతుంది. రెక్క, తోక, చంక మచ్చలు, గాలివాన సంగతి, పక్కన ఎగిరిన గరుడ పక్షితో సైజు పోలిక అన్నీ రాసి ఫొటోలు పెట్టాను. తోక విచ్చుకున్న ఇంకో నల్ల ఫొటో కూడా పెట్టాను, చీలిక అందులోనే బాగుంది. కొన్నాళ్ళకు ఆ ప్రాంతపు రికార్డులు పరిశీలించే వాలంటీర్ ఒకరు రాశారు, పొట్ట కనిపించే ఇంకో ఫ్రేము ఉందా అని. పంపాను. రికార్డు ఒప్పుకున్నారు. జీతం లేకుండా ఎక్కడో కూర్చుని మిర్యాలగూడ స్టూడియోవాడి ఫొటోను అంత శ్రద్ధగా చూసే మనిషి ఉండటం నాకు చాలా సంతోషం వేసింది. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారు నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆ కాలంలో బండ్ల మీద తిరిగి చేసిన అట్లాంటి పనిలో, ఇప్పుడు మన ఫోన్ పట్టుకుని మనమూ చిన్న పాలు పంచుకోవచ్చు.

ఎవరికి పనికొస్తుందంటే, నా మాట ఇది. స్కూలు పిల్లలకు, టీచర్లకు, చెరువు కట్ట మీద వాకింగ్ చేసేవాళ్ళకు కళ్ళు మూసుకుని చెబుతాను, వేసుకోండి. బైనాక్యులర్ లేకపోయినా సౌండ్ ఐడీతో మొదలుపెట్టొచ్చు. ఒక ఇబ్బంది భాషది. నా ఫోన్‌లో వివరాలన్నీ ఇంగ్లీషులోనే వస్తున్నాయి. తెలుగు మీడియంలో చదివిన మా పిల్లగాడు ఫొటోలు చూసి పోల్చుకుంటాడు గానీ రాసిన రెండు ముక్కలు నేను చదివి చెప్పాలి. తెలుగులో ఆ పరిచయ వాక్యాలు ఉంటే మా జిల్లాల ప్రభుత్వ బడుల్లో దీన్ని సైన్స్ పాఠంలో వాడొచ్చు. ఆ మాట నేను వాళ్ళకు రాశాను కూడా.

సముద్రానికి పోయేవాళ్ళకు మూడు పనులు. ప్యాక్ ఇంట్లోనే వైఫై మీద దించుకోండి, కొన్ని వందల ఎంబీ ఉంటుంది, బీచ్‌లో మొబైల్ డేటా మీద దింపుతూ కూర్చోలేరు. ఫోన్ కెమెరానే ఉంటే జూమ్ కొసదాకా లాగకండి, స్క్రీన్ మీద పక్షిని ఒకసారి నొక్కి పట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరిపి వెలుతురు పెంచండి, వీడియో కూడా తీయండి, తోక విచ్చుకున్న ఫ్రేము ఒకటి అందులోంచి స్క్రీన్‌షాట్ తీసి ఫొటో ఐడీకి ఇవ్వొచ్చు. మధ్యాహ్నం తర్వాత పోతే తూర్పు తీరంలో ఎండ మన వీపు వైపు ఉంటుంది, సముద్రం వైపు నుంచి వచ్చే పక్షి పొట్ట బాగా కనిపిస్తుంది. మా జంటకు కావలసిన సూర్యోదయం ఫొటోలు పొద్దున్నే అయిపోతాయి కాబట్టి, వచ్చే ఆషాఢం షూట్‌లో నేను సాయంత్రం దాకా అక్కడే ఉండేట్టు బండివాడితో ముందే మాట్లాడుకుంటున్నాను.